దింపుడు పిలుపు

వేషాల నమోదు కార్యాలయంలోని అధికారి గారికి,

జూన్ 18 సాయంత్రం సముద్రంలో ఉన్న మా ఆటల కంపెనీ ఇనపమేడ మీద మరిడమ్మ అనే వేషకత్తె గొంతును జనం ముందు ఊడదీస్తారు. అందుకు అనుమతి ఇస్తున్న కాగితం నా చేతిరాతలో ఉంది. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. ఆ తేదీ దాటాక రాసి ఉపయోగం లేదు.

నా పేరు చోడిపల్లి పైడితల్లి. వయసు ఇరవై రెండు. మా ఇంట్లో అక్షరం నేర్చుకున్న మొదటి మనిషిని నేనే. మూడేళ్ళుగా ఇక్కడ రాతమనిషిగా ఉన్నాను. నా రోజువారీ పుస్తకంలో ఈ పన్నెండు రోజులవీ ఉన్నదున్నట్టు నకలు తీసి పంపుతున్నాను. నాకు సిగ్గు తెచ్చే మాటలు కూడా కొట్టేయలేదు.

జూన్ 3

పొద్దున విగ్గులు ఉతికాను. తొమ్మిది విగ్గులకు ఒక బకెట్ మంచినీళ్ళు ఇస్తారు. ఆరు విగ్గులకే సరిపోయాయి. మిగతావి సముద్రపు నీళ్ళలో జాడించి, ఎండాక ఉప్పు దులిపాను. తర్వాత గొంతుల తనిఖీ. ఒక్కొక్కరి నోరు తెరిపించి, లైటు వేసి, ఆడగొంతు పలికించే గొంతుపొర ఏ రంగులో ఉందో రాసుకోవాలి. యంత్రానికైతే క్షణం పట్టదు. కానీ యంత్రం రాసినదాన్ని కోర్టులు నమ్మడం మానేశాయి. పట్టా ఉన్న మనిషి చేత్తో రాస్తేనే చెల్లుతుంది. నాకు ఈ ఉద్యోగం అలాగే వచ్చింది.

సాయంత్రం ఆటకు మంచినీటి ఫ్యాక్టరీ నుంచి ఏడు పడవల జనం వచ్చారు. మా అమ్మా, పిన్నీ కూడా వచ్చారు. నూకరాజు రాణి వేషంలో కొత్త అంశం ఆడాడు. దాని పేరు దింపుడు. మా వైపు శవాన్ని మోసుకెళ్ళేటప్పుడు దారి మధ్యలో పాడె దింపుతారు. దగ్గరివాళ్ళు చెవి దగ్గర వంగి మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. ఎక్కడైనా ప్రాణం మిగిలి ఉంటే పలుకుతుందని ఆశ. దీన్ని ఆటగా మార్చింది మా మేనేజరు త్రినాథ్ గారు. పాట మధ్యలో రాణి చచ్చి పడిపోతుంది. నలుగురు మోసుకొచ్చి జనం మధ్య దింపుతారు. విగ్గు, కట్టు జుట్టు, రొమ్ములు, గాజులు ఒక్కొక్కటే తీస్తారు. గొంతుపొర కూడా లాగేస్తారు. అప్పుడు చెవిలో, “ఒరేయ్ నూకరాజూ” అని మూడుసార్లు పిలుస్తారు. మూడోసారికి నూకరాజు తన మోటు గొంతుతో “ఆయ్, ఏంటండీ?” అని లేచి కూర్చుంటాడు.

జనం బల్లలు ఎక్కి నవ్వారు. మా పిన్ని కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వింది. నేనూ నవ్వాను. అది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

ఆ తర్వాత మరిడమ్మ వచ్చింది, మేం మరిడక్క అంటాం. ఆమె ఆటలో నవ్వించేది ఏమీ ఉండదు. నిలబడి పాడుతుంది, అంతే. రెండో చరణంలో వెనక నుంచి ఎవరో “దింపు” అని అరిచారు.

జూన్ 5

ఈ రోజు మరిడక్క పాట మొదలుపెట్టగానే “దింపు, దింపు” అని చప్పట్లు కొట్టారు. తాళానికి సరిగ్గా కొట్టారు. ఆమె ఆ తాళంలోనే పాట పూర్తి చేసింది. దిగి వచ్చి మొహం కడుక్కుంటూ, “బాగా కొట్టారే, మన మద్దెల ఆయన కన్నా నయం” అంది.

త్రినాథ్ గారు నన్ను గదికి పిలిచారు. ఎవరి పట్టికలో ఏది వేషమో, ఏది సొంతమో చదివి వినిపించమన్నారు. మీకు తెలిసిందే. చేరిన రోజున ప్రతి మనిషికీ ఒక పట్టిక రాస్తాం. జుట్టు, రొమ్ము, నడుము, గొంతు, ఇలా ఒక్కొక్క దానికీ ఎదురుగా ‘వేషం’ అనో ‘సొంతం’ అనో రాయాలి. వేషం కంపెనీది. మరమ్మతు కంపెనీ చేయిస్తుంది, కావాలంటే తీసేస్తుంది, మేడ దిగిపోతే అప్పగించి దిగాలి. సొంతం అని రాస్తే ఆ మనిషి ఒప్పుకోకుండా ఎవరూ ముట్టుకోకూడదు.

నేను చదువుకుంటూ పోయాను. మరిడమ్మ, గొంతు, వేషం.

ఆయన మళ్ళీ చదవమన్నారు. మళ్ళీ చదివాను. “నీ రాత ముత్యాల్లా ఉంటుందమ్మాయ్” అని మెచ్చుకున్నారు. మెట్లు దిగేదాకా ఆ మెప్పు నాకు బాగానే ఉంది.

జూన్ 6

రేవులో కొత్త పోస్టరు అంటించారు. మరిడక్క బొమ్మ, కింద ‘జూన్ 18, మహా దింపుడు’ అని. గొంతు లోపల కెమెరా పెట్టి గొంతుపొర ఊడి రావడం పెద్ద తెర మీద చూపిస్తారట.

ఆమె పట్టిక రాసిన రోజు నాకు బాగా గుర్తుంది. అది నా ఉద్యోగంలో నాలుగో రోజు. మరిడక్క ఒక ఇనప పెట్టె మీద కూర్చుని వేరుశనగలు తింటోంది. గొంతుపొర అప్పటికే ఆమెకు ఉంది. మునిగిపోయిన పాత ఊళ్ళో ఆమెను చేరదీసిన గురువమ్మ పెట్టించింది. ఇక్కడి పట్టికలో చేరాలి కాబట్టి అడిగాను, “గొంతు వేషమా, సొంతమా?” అని.

“ఇదంతా వేషమే. రాసుకో” అంది.

బళ్ళో మాకు నేర్పింది, ఎదుటివాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాయాలని. జుట్టు వేషం, రొమ్ము వేషం, నడుము వేషం, గొంతు వేషం, అని గడులన్నీ నింపాను. అక్షరాలు గీత మీద నిలబడ్డాయా లేదా అని చూసుకున్నాను. ఆమె మొహం చూడలేదు.

నూకరాజు పట్టిక కూడా ఇలాగే ఉంటుంది. అన్నీ వేషమే. అతనికి అది నిజం. అతను నాటకాల వాళ్ళలో పెరిగాడు. ఆట అయ్యాక అన్నీ తీసి పెట్టెలో పెట్టి, లుంగీ కట్టుకుని, వంటవాడు భద్రం గదికి వెళ్ళిపోతాడు. ఇద్దరూ ఎనిమిదేళ్ళుగా కలిసి ఉంటున్నారు. ఆటకు పెట్టుకునే విగ్గు తప్ప, మరిడక్క తీసి పెట్టెలో పెట్టేది ఏదీ లేదు. ఇది నాకు మొదటి నెలలోనే తెలిసి ఉండాలి.

జూన్ 7

పోస్టరు చూసేసరికి ఆమెకు తెలిసిపోయింది. అయినా అనుమతి ఎక్కడి నుంచి వచ్చిందో నేనే చెప్పాలనుకున్నాను. చెప్పాను. కాటుక పెట్టుకుంటున్న చెయ్యి ఆపలేదు. రెండో కన్ను పూర్తయ్యాక అద్దంలోంచి నన్ను చూసింది.

“మా గురువమ్మ ఇంట్లో పొద్దున్నే ఒకళ్ళనొకళ్ళు ఏమని అడుగుతారో తెలుసటే నీకు? వేషం బాగుందా అని. అంటే మనిషి బాగుందా అని. తలనొప్పి వస్తే వేషానికి తలనొప్పి అంటాం. చచ్చిపోతే వేషం చల్లబడింది అంటాం. మాకు మేం చెప్పుకునే మాట అది.”

అది నాకు తెలియదని అన్నాను.

“నీకెందుకు తెలుత్తదే రాతమ్మా? నువ్వు చదువుకున్నావు కదా. ఆ మాట పుస్తకంలో చూసి ఉంటావు.”

క్షమించమని అడిగాను. క్షమిస్తే గొంతు ఉంటుందా అని అడిగింది. ఉండదన్నాను. అయితే ఆ మాట దాచుకోమంది, పెళ్ళిలో పనికొస్తుందంది. తర్వాత విగ్గు తడిగా ఉందని, నాకు పని రాదని తిట్టింది. విగ్గు నిజంగానే తడిగా ఉంది.

జూన్ 9

మూడేళ్ళ పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. దొరికినవి ఇవి.

ఉద్యోగంలో మొదటి ఏడు, నవంబరు 22: మరిడక్క తనిఖీకి రాలేదు. “ఈ వేషానికి జ్వరంగా ఉంది, రేపు చూసుకో” అంది.

అదే ఏడు, జనవరి 9: “వేషం ఆకలితో ఉంది, భద్రాన్ని అన్నం పెట్టమను.”

రెండో ఏడు, మార్చి 2: గురువమ్మ పోయినట్టు కబురు. “ఈ వేషాన్ని కన్న తల్లి పోయింది” అని పలకకుండా కూర్చుంది.

జ్వరం వచ్చిన రోజున కారణం గడిలో నేనేం రాశానో కూడా చూశాను. ‘వేషం మరమ్మతు’ అని రాశాను. రాసి, ఆమె విగ్గు దువ్వించి పంపాను. మనిషి మూడు రోజులు చాప మీద వణికింది. నేను దువ్విన విగ్గు తెచ్చి పక్కన పెట్టాను.

పుస్తకాలు తీసుకుని త్రినాథ్ గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన ఓపిగ్గా అన్నీ చదివారు. కోప్పడలేదు. గొంతు కూడా పెంచలేదు.

“పైడమ్మా, ఆవిడ వేషం అంది, నువ్వు వేషం అని రాశావు. తప్పెక్కడుంది? నిజాయితీగా రాసినదాన్ని ఇప్పుడు తప్పని రాస్తే, అప్పుడు కదా నువ్వు అబద్ధం రాసినట్టు?”

ఆయన నాకేదో సాయం చేస్తున్నట్టు ఇంకో మాట చెప్పారు. పద్దెనిమిదిన పేరు పిలవాల్సింది నేనేనట. మరిడక్కకు పుట్టినప్పుడు పెట్టిన పాత పేరు పట్టికలో రహస్యం గడిలో ఉంటుంది, దాన్ని పైకి చదివే హక్కు రాతమనిషికి మాత్రమే ఉంది. తెర మీద నా పేరు కూడా వేయిస్తానన్నారు. మా అమ్మ చూస్తుంది కదా అన్నారు.

జూన్ 11

రిహార్సలు జరిగింది.

మరిడక్కను పాడె మీద పడుకోబెట్టారు. నేను చెవి దగ్గర వంగి ఆ పేరు పిలిచాను. ఆ పేరు ఇక్కడ రాయను. మీ దగ్గరున్న పట్టికలో ఉంది. నా గొంతు బయటికి రాలేదు. త్రినాథ్ గారు కుర్చీలోంచి, “శవాన్ని లేపుతున్నావమ్మా, దోమని కాదు” అన్నారు. పాడె మోసే నలుగురూ నవ్వారు. రెండోసారి గొంతు పెంచాను, అయినా నోటికి చెయ్యి అడ్డం పెట్టి ఆమె చెవిలోకే పిలిచాను. మరిడక్క కళ్ళు మూసుకుని ఉంది. రెప్పలు మాత్రం కదిలాయి. మూడో పిలుపు నేను కాదు, నా పిలుపు విని జనమంతా కలిసి పిలవాలని అప్పటికప్పుడు మార్చారు.

తర్వాత అయస్కాంతం తెచ్చారు. మెడ మీద పెడితే గొంతుపొర ఒక నిమిషం నిద్రపోతుంది. పొర లేకపోతే గొంతు ఎలా ఉంటుందో ముందే వినాలని ఆయన కోరిక. మాట్లాడమన్నారు. ఆమె పెదవులు బిగించుకుంది. నిమిషం అయిపోతోందని మళ్ళీ పెట్టారు. మళ్ళీ మాట్లాడలేదు. మూడోసారి పెట్టినప్పుడు దగ్గు వచ్చింది. దగ్గులో “నీళ్ళు” అంది.

ఖాళీ డ్రమ్మును ఇనప నేల మీద ఈడ్చినట్టు వచ్చింది ఆ మాట. ఒకడు నవ్వబోయి ఆగిపోయాడు, ఇంకొకడు ఆగలేకపోయాడు. అది చూసి మొదటివాడూ నవ్వాడు. త్రినాథ్ గారు మాత్రం నవ్వలేదు. కళ్ళు మూసుకుని విని, “ఇదే. పద్దెనిమిది దాకా దీన్ని బయట ఎవరికీ వినిపించకండి” అన్నారు.

గొంతుపొరల పని చూసే ఆయన అయస్కాంతం తుడుచుకుంటూ ఒక సంగతి చెప్పాడు. నూకరాజు పొర రోజూ పెట్టి తీసేది. మరిడమ్మది అలా కాదు, ఏళ్ళు గడిచి కండ పట్టేసింది. లాగితే మళ్ళీ అతకదు. పాత గొంతైనా మిగులుతుందని నమ్మకం లేదు, ఉత్త గాలే రావచ్చు.

“అయితే మరీ మంచిది. పలకదు. జనం పిలుస్తూనే ఉంటారు” అన్నారు త్రినాథ్ గారు.

నేను నీళ్ళు తెచ్చి ఇచ్చాను. మరిడక్క తాగలేదు. పొర మేలుకుని గొంతు మళ్ళీ వచ్చాక కూడా, రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు.

జూన్ 12

నూకరాజును సాక్ష్యం అడిగాను. అతను చిన్నతనంలో రెండేళ్ళు ఆ గురువమ్మ ఇంట్లోనే ఉన్నాడు. వాళ్ళు వేషం అనే మాట ఎలా వాడతారో అతనికి తెలుసు. ఒక్క కాగితం మీద వేలిముద్ర వేస్తే చాలు.

అతను వంటగది బయట చేపలు శుభ్రం చేస్తున్నాడు. నేను చెప్పింది అంతా విన్నాడు.

“వేలిముద్ర వేశాననుకో. రేపొద్దున నన్నూ భద్రాన్నీ గది ఖాళీ చెయ్యమంటారు. కింద ఒడ్డున మా ఇద్దరికీ కలిపి గది ఎవరిత్తారే? మీ అమ్మ ఇత్తదా?”

మా అమ్మ ఇవ్వదు. అదే చెప్పాను.

“మరి? దానికి గొంతు పోతే బతుకుద్ది. నాకు ఈయన పోతే నేను బతకను.”

తలుపు దగ్గర భద్రం నిలబడి ఉన్నాడు. గిన్నె తీసుకుని లోపలికి పోయాడు.

సాయంత్రం నూకరాజు మరిడక్క గదికి వెళ్ళాడు. నేను బయట విగ్గులు ఆరేస్తున్నాను. పిలవగానే పలికెయ్యమని, ఆగితే జనం రెచ్చిపోతారని చెబుతున్నాడు. మొదటి పిలుపుకే లేచి కూర్చుంటే సగం నవ్వు చచ్చిపోతుందట. ఎక్కడ ఊపిరి పట్టాలో, ఎక్కడ నోరు తెరిస్తే నొప్పి తగ్గుతుందో నేర్పుతున్నాడు. నిజంగానే సాయం చేస్తున్నాననుకుంటున్నాడు. ఆమె కూడా శ్రద్ధగా విని, ఒకచోట మళ్ళీ చెప్పమని అడిగింది.

జూన్ 13

నమోదు నియమాలు మొదటి నుంచి చివరిదాకా చదివాను. తొమ్మిదో నియమం ఇలా ఉంది. రాసిన మనిషే తన రాత తప్పని ఒప్పుకుని పంపితే, కార్యాలయం దాన్ని విచారణకు తీసుకున్నట్టు జవాబు ఇచ్చిన క్షణం నుంచి, విచారణ ముగిసేదాకా ఆ నమోదు చెల్లదు. దాన్ని పట్టుకుని ఏ పనీ చేయకూడదు. కింద చిన్న అక్షరాలలో, తప్పు ఒప్పుకున్నవారి రాత పట్టా శాశ్వతంగా రద్దవుతుందని ఉంది.

ఒడ్డున ఇంటికి వెళ్ళి అమ్మకు చెప్పాను. అమ్మ నన్ను పడవ బడికి పంపడం కోసం పదకొండేళ్ళు ఫ్యాక్టరీలో ఉప్పు గీకింది. చేతి వేళ్ళ కొసలకు గోళ్ళు లేవు. నేను చెప్పేది పూర్తయ్యేదాకా ఆగింది.

“ఆ మనిషికి గొంతు పోతే నీకేంటే? మీ నాన్నకి కాలు పోయినప్పుడు ఎవరైనా పట్టా వదులుకున్నారా?”

నా రాత వల్లే పోతోందని అన్నాను.

“నీ రాత వల్ల మనం అన్నం తింటన్నాం” అని అటు తిరిగి పడుకుంది. నేను తిరుగు పడవకు బయల్దేరినప్పుడు కూడా ఇటు తిరగలేదు.

జూన్ 14

తనిఖీకి మరిడక్క వచ్చింది. నోరు తెరిచింది. గొంతుపొర గులాబీ రంగులో ఉంది, ఆరోగ్యంగా ఉంది. అలాగే రాశాను. తప్పు ఒప్పుకుంటూ మీకు ఉత్తరం పంపబోతున్నానని చెప్పాను.

సంతోషించలేదు. పట్టా పోయాక నన్ను ఎవరు పోషిస్తారని అడిగింది. నాలాంటి మొద్దును విగ్గులు ఉతకడానికి కూడా పెట్టుకోరంది. నేను రాసినంత మాత్రాన పెద్ద కార్యాలయం వాళ్ళు మూడు రోజుల్లో జవాబు ఇస్తారని ఎవరు చెప్పారంది. ఎవరూ చెప్పలేదు.

జవాబు రాకపోతే ఆ పేరు నేను పిలవనని, ఇంకెవరినైనా పెట్టుకోమంటానని అన్నాను. అప్పుడామె నా మణికట్టు పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది, గాజు గుచ్చుకుంది.

“నువ్వే పిలవాలి. కొత్తవాళ్ళు వత్తే ఆ పేరు వాళ్ళకీ తెలుత్తది. ఇప్పటికి తెలిసింది నీకొక్కదానికే. మొదటి రెండు పిలుపులు నా చెవిలో నెమ్మదిగా పిలు. మూడోది ఎలాగూ వాళ్ళది, విననిదాన్ని ఏమని పిలుత్తారో పిలవనీ.”

తర్వాత చెయ్యి వదిలేసి, ఆ రోజు పాడాల్సిన పాట ఒకసారి నెమ్మదిగా పాడుకుంది. నేను పక్కనే కూర్చుని విన్నాను. ఏ మాటను ఏ స్థాయిలో అందో, ఎక్కడ ఊపిరి తీసిందో రాయడానికి ప్రయత్నించాను. రాయడం కుదరలేదు.

అధికారి గారూ, నకలు ఇక్కడితో అయిపోయింది. ఇక నా ఒప్పుకోలు.

మరిడమ్మ పట్టికలో జుట్టు, రొమ్ము, నడుము, గొంతు అనే నాలుగు గడులలో నేను ‘వేషం’ అని రాసింది తప్పు. ఆమె ఆ మాటే అంది. ఆమె ఇంటి భాషలో ఆ మాటకు అర్థం ‘నేను’. నేను అడిగి తెలుసుకోవలసింది, తెలుసుకోలేదు. ఆ నాలుగు చోట్లా ‘సొంతం’ అని ఉండాలి. నేను అబద్ధం ఆడుతున్నానని త్రినాథ్ గారు మీకు రాస్తారు. నూకరాజు సాక్ష్యం చెప్పడు. నా దగ్గర ఉన్నవి నా పాత పుస్తకాలు మాత్రమే. జ్వరాన్ని మరమ్మతు అని రాసుకున్న పేజీతో సహా అన్నీ ఈ సంచిలో పెట్టాను. నా రాత పట్టా కూడా ఇందులోనే ఉంది. మీరు అడిగేదాకా ఆగలేదు.

విచారణలో ఏం తేలుతుందో నాకు తెలియదు. నేను ఓడిపోవచ్చు. ఇప్పుడు అడుగుతున్నది తీర్పు కాదు. ‘విచారణకు తీసుకున్నాం’ అని ఒక్క వాక్యం, కింద మీ సంతకం, అంతే. ఈ సంచిని ఈ రాత్రే ఆట చూసి వెళ్ళే పడవలో పంపుతున్నాను. తపాలా పడవ ఇనపమేడకు వచ్చేది పదిహేడో తేదీ మధ్యాహ్నం. మళ్ళీ వచ్చేది ఇరవై ఒకటిన.

నేను పిలుస్తానని మరిడక్కకు మాట ఇచ్చాను. ఆ పేరు నా నోట రావాల్సిన అవసరం లేకుండా, దయచేసి జూన్ 17 పడవకు అందేలా జవాబు పంపండి.

చోడిపల్లి పైడితల్లి
ఇనపమేడ